ఇంజను థ్రస్టు కోణం (నమూనా విమానాలు)

రేడియో నియంత్రిత శిక్షణ నమూనా విమానాలలో ఇంజను ఇరుసును సాధారణంగా 2-3 డిగ్రీలు కిందికి, కుడికి వంచి బిగిస్తారు. ఈ వంపే '''థ్రస్టు కోణం'''.

== కారణాలు ==
థ్రాటిల్ పెంచితే వేగంతో పాటు రెక్కల ఎత్తుబలం పెరిగి ముక్కు పైకి లేస్తుంది. కింది వంపు దీనిని అణచుతుంది. వెనుక నుండి చూస్తే సవ్యదిశలో తిరిగే ప్రొపెల్లరు విమానాన్ని ఎడమకు మళ్ళిస్తుంది; కుడి వంపు దానిని సరిచేస్తుంది. కింది వంపుకు బదులు ఎలివేటరును దించి సరిపెడితే, దిగేటప్పుడు థ్రాటిల్ తగ్గించగానే ముక్కు నేలవైపు వాలి విమానం కూలవచ్చు.

== పరీక్ష ==
సమతలంగా ఎగురుతున్నప్పుడు థ్రాటిల్ పెంచి గమనించాలి. ముక్కు బాగా లేస్తే ఇంజను పీఠపు పై బోల్టుల వెనుక, ఎడమకు తిరిగితే ఎడమ బోల్టుల వెనుక వాషర్లు చేర్చాలి. కర్నూలు, కడప వంటి మెట్టప్రాంతాలలో వేసవి మధ్యాహ్నం నేల నుండి లేచే వేడిగాలి కూడా విమానాన్ని పైకెత్తుతుంది. దానిని కోణదోషమని పొరబడకుండా ఉదయపు నిశ్చలమైన గాలిలో పరీక్షించడం మేలు.