ఏరు దాటాక తెప్ప - శాంటా మోనికా ఎయిర్‌పోర్టు

శాంటా మోనికా అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది బీచీ, దాన్నానుకుని ఉన్న పియరూ. ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే తీసుకెళ్ళి నాలుగు ఫొటోలు తీసి తెచ్చేస్తాం. అక్కణ్ణుంచి కొంచెం లోపలికెళ్తే 227 ఎకరాల్లో ఓ బుల్లి మునిసిపల్ ఎయిర్‌పోర్టు ఉంది. 2028 డిసెంబర్ 31తో దాన్ని మూసెయ్యాలని ఊరివాళ్ళ పట్టుదల. సొంత ఎయిర్‌పోర్టుని ఊరే మూసేసుకోడమేంటి అంటారా? కొంచెం వెనక్కెళ్ళాలి.

మొదట్లో దీని పేరు క్లోవర్ ఫీల్డ్. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన గ్రేయర్ క్లోవర్ అనే పైలట్ పేరు పెట్టారు. 1924 మార్చిలో నాలుగు డగ్లస్ విమానాలు భూప్రదక్షిణ చెయ్యడానికి ఇక్కణ్ణుంచే బయల్దేరాయి (అధికారిక లెక్క మాత్రం సియాటిల్ నుంచి). కలకత్తా చేరేసరికి మూడే మిగిలాయి. అక్కడ నీళ్ళమీద దిగే ఫ్లోట్లు విప్పేసి చక్రాలు తగిలించుకున్నాయి. చివరికి చుట్టు పూర్తిచేసినవి రెండు.

తర్వాత డగ్లస్ ఫ్యాక్టరీ కూడా ఈ మైదానం పక్కకే వచ్చేసింది. 1935 డిసెంబర్ 17న డిసి-3 మొదటిసారి ఎగిరింది ఇక్కడే. మనవాళ్ళు 'డకోటా' అనే విమానం దీని సైనిక రూపమే. బేగంపేట నుంచి నిజాం ప్రభుత్వ భాగస్వామ్యంలో నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఎగరేసింది ఆ డకోటాలనే. మన తాతలెవరైనా ఆ రోజుల్లో విమానం ఎక్కుంటే అదే అయ్యుండొచ్చు :)

రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ బాంబుల భయంతో సినిమా సెట్టింగుల వాళ్ళని పిలిపించారు. ఫ్యాక్టరీ మీద వలా గోనెగుడ్డా పరిచి, పైన ఉత్తుత్తి ఇళ్ళూ చెట్లూ పెట్టించారు. మన అన్నపూర్ణా స్టూడియోవాళ్ళకిచ్చినా అంత బాగా చేసేవారు కాదేమో! పైనుంచి చూస్తే ఏదో కాలనీ. నిజం కాలనీలు కూడా అప్పట్లోనే లేచాయి. చుట్టుపక్కల సన్‌సెట్ పార్కు వగైరా పెరిగిందే డగ్లస్ ఉద్యోగుల కోసం.

కథ అడ్డం తిరిగింది జెట్ల కాలంలో. డిసి-8కి పొడుగు రన్‌వే కావాలని డగ్లస్ అడిగితే, ఇళ్ళు కూలగొట్టాలి కాబట్టి కుదరదంది సిటీ. డగ్లస్ ఆ పనిని లాంగ్‌బీచ్‌కి పట్టుకుపోయింది. ఫ్యాక్టరీ పోయింది, చిన్న జెట్ల మోత మాత్రం మిగిలింది. ఇక కోర్టులే కోర్టులు. 1981లో మూసేస్తామని కౌన్సిల్ తీర్మానం, 1984లో రాజీ, మళ్ళీ గొడవ. అసలు చిక్కు 1948 నాటి ఒక కాగితం. యుద్ధకాలంలో లీజుకి తీసుకున్న స్థలాన్ని తిరిగిస్తూ, ఇది ఎయిర్‌పోర్టుగానే ఉండాలని కేంద్ర ప్రభుత్వం షరతు రాయించుకుంది. లైసెన్సు చదవకుండా 'ఐ ఎగ్రీ' నొక్కేసే మనకి ఆ బాధ తెలియంది కాదు. చివరికి 2017లో సెటిల్‌మెంట్ అయింది. 2028 దాకా నడపాలి, ఆ తర్వాత ఊరిష్టం, రన్‌వేని మాత్రం వెంటనే 4,973 అడుగుల నుంచి 3,500కి కుదించుకోవచ్చు. ఆ ఏడాది డిసెంబర్‌లోనే కుదించేశారు. పెద్ద జెట్లు చాలామటుకు తగ్గాయి.

ఇప్పుడక్కడున్నవి ఒకే ఒక్క రన్‌వే, కంట్రోల్ టవరు, ఫ్లయింగ్ స్కూళ్ళు, హ్యాంగర్లు. రాత్రి పదకొండు దాటితే టేకాఫులు బంద్. హద్దు దాటి మోత చేస్తే జరిమానా.

నాకైతే ఇది ఏరు దాటాక తెప్ప తగలేసినట్టే అనిపిస్తుంది. ఎయిర్‌పోర్టు పక్కన అని తెలిసే కదా ఇల్లు కొనుక్కున్నారు? కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ చిన్న విమానాలు వాడే పెట్రోల్లో ఇంకా సీసం ఉంటుంది. రన్‌వే కొసన, కొద్ది వందల అడుగుల్లో పిల్లలున్న ఇల్లు నాదైతే నేనూ ఆ పిటిషన్ మీద సంతకం పెట్టేవాణ్ణేమో. అక్కడ పార్కులూ ఆటస్థలాలూ తప్ప ఇంకేం కట్టాలన్నా ఓటర్లనే అడగాలని 2014లో ఓటేసి మరీ రాసుకున్నారు. బిల్డర్ల చేతికి పోకుండా ఆ మాత్రం జాగ్రత్తపడ్డారు, అది మాత్రం మెచ్చుకోవాలి.

ఈసారి పియరు చూశాక పిల్లల్ని అటు కూడా తీసుకెళ్ళండి. మ్యూజియం ఆఫ్ ఫ్లయింగ్ బయట ఒక డిసి-3ని నిలబెట్టారు. ఎయిర్‌పోర్టు పోయాక దాన్నెక్కడ పెడతారో మరి.