అమృతం

అమృతం 2001 నవంబరు 18 నుంచి 2007 నవంబరు 18 దాకా జెమినీ టీవీలో ఆదివారం రాత్రుళ్లు ప్రసారమైన తెలుగు హాస్య ధారావాహిక. గుణ్ణం గంగరాజు దీని సృష్టికర్త, నిర్మాత. కథకు కేంద్రం ‘అమృత విలాస్’ హోటల్. దాన్ని నడిపే మిత్రులు అమృతరావు, ఆంజనేయులు తేలిగ్గా డబ్బు సంపాదించాలని ఎత్తులు వేసి చిక్కుల్లో పడుతుంటారు. ఇంటి యజమాని అప్పాజీ పిసినారితనం, వంటవాడు సర్వం అమాయకత్వం ఆ చిక్కుల్ని పెంచుతాయి. అమృతరావుగా శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ వేర్వేరు కాలాల్లో నటించారు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు నటన దీనికి ప్రాణం. పిల్లల కోసమే తీసింది కాకున్నా పిల్లలూ ఎంతో ఇష్టపడ్డారు. జెమినీ టీవీ ఉపగ్రహ ఛానల్ కావడంతో రాయచూరు వంటి కర్ణాటక సరిహద్దు జిల్లాల తెలుగువారికీ ఇది అందింది. దీని ఆధారంగా 2014లో ‘చందమామలో అమృతం’ సినిమా వచ్చింది.