మన ఇంటి బకాసురుడు

సాదలి చుట్టుపట్ల తెలుగిండ్లలో మనుమడు మూడవమారు ముద్ద అడిగినచో అవ్వ నవ్వుచు “ఓరి బకాసురుడా!” అనును. పొద్దెక్కువరకు లేవనివాడు కుంభకర్ణుడు. ఇద్దరి నడుమ తగవు పెట్టువాడు నారదుడు. వీరు మన మాటలలో కాపురముండుట మనకెంత అలవాటైనదనగా, దానిని గూర్చి తలపనైన తలపము.

అందును బకాసురుడు మనకు పొరుగువాడు. చింతామణి తాలూకాలోని కైవారమే ఏకచక్రపురమనియు, భీముడు బకుని చంపినది అచటనే యనియు స్థలపురాణము. అచటి భీమలింగేశ్వరుని భీముడే ప్రతిష్ఠించెనని పెద్దలు చెప్పుదురు. బండెడన్నము, రెండు దున్నపోతులు, ఒక మనిషి: ఇది ఆ యూరి ఇంటింటి వంతు. ఈ కథ విన్న బిడ్డకు కైవారపు కొండ వట్టి రాయిగా కనబడదు.

దూరదేశమైన ఐర్లండులోను ఇట్టివారు గలరు. లెప్రికాన్ అను మరుగుజ్జు అచటి పాతకథలలో చెప్పులు కుట్టువాడు. వానిని పట్టినచో నిధి చూపునట. కన్ను మరల్చినచో మాయమగునట. నేడు వాడు ఆకుపచ్చని దుస్తులతో శుభాకాంక్షల కార్డులపైనను, అమెరికాలోని బాస్టన్ సెల్టిక్స్ అను బాస్కెట్‌బాల్ జట్టు చిహ్నముగాను దర్శనమిచ్చుచున్నాడు. రూపము ఖండాంతరములకు పోయినది. చెప్పులు కుట్టు పనిని పలువురు మరచిరి.

మన ఘటోత్కచుడన్నచో 1957 నాటి మాయాబజారులోని ఎస్.వి. రంగారావుగారే కన్నులకు కట్టుదురు. ఆ చిత్రమునకు మూలమైన శశిరేఖా పరిణయము వ్యాసభారతమున లేదు. అది జనము అల్లుకొన్న కథ. వెండితెర దానిని నిలిపినది. మరి తెరకెక్కని కథల గతి యేమి?

ఐర్లండువారు దీనికొక ఉపాయము చేసిరి. ఇంగ్లీషు ప్రాబల్యమువలన వారి ఐరిష్ భాష అనేక గ్రామములలో అప్పటికే సన్నగిల్లియుండెను. 1935లో ప్రభుత్వము జానపద విషయ సేకరణకొక సంఘము నేర్పరచెను. 1937-38లో సుమారు 5,000 పాఠశాలలకు చెందిన 50,000 మంది బాలబాలికలు తమ ఇండ్లలోను ఇరుగుపొరుగునను పెద్దలనడిగి, విన్న కథలు, నమ్మకములు, వైద్యములు, సామెతలు నోటుపుస్తకములలో వ్రాసిరి. ఆ వ్రాతలు నేటికిని భద్రముగానున్నవి. కథకులలో పెక్కురు కాలగతి చెందినను, వారి మాట మిగిలినది.

మన బిడ్డలు బడిలో కన్నడము, ఇంగ్లీషు నేర్చుచున్నారు. అది మేలే, ఉన్న నేల భాష రావలయును. కాని బడిలో లేని తెలుగునకు అవ్వ నోరే బడి. ఆ బడి ఏనాడు మూతపడునో ఎవరెరుగుదురు?

కావున మేము కోరునది స్వల్పము. ఈ వేసవి సెలవులలో ఇంటికొక నోటుపుస్తకము తెరువుడు. తెలుగు లిపి రాని బిడ్డ కన్నడ లిపిలోనే తెలుగు మాట వ్రాయవచ్చును. అక్షరము మారినను అవ్వ పలుకు మారదు. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ మాత్రము తప్పక వ్రాయింపుడు. మొదటి పుటలో బకాసురుని కథయే యుండనిండు. రేపు మన మనుమలను ఎవరైన “బకాసురుడా” అని పిలిచినప్పుడు, ఆ బండెడన్నము ఎవరి ఇంటినుండి పోయినదో వారికి తెలిసియుండవలయును.