నీళ్లు తగ్గాక

పోయినేడాది ఉగాదికి కాస్త ముందు ఒక చిన్న కుక్కని ఇంటికి తెచ్చుకున్నాం. పామరేనియన్ పోలికలున్న తెల్లటి ఆడకుక్క, ఆరు కిలోలు కూడా ఉండదు. ఎవరో కొన్నాళ్లు పెంచుకుని వదిలేశారని, రోడ్డు మీద దొరికిందని షెల్టర్‌వాళ్లు చెప్పారు. వయసు మూడో నాలుగో ఉండొచ్చట. అంతకుమించి దాని గురించి ఎవరికీ ఏమీ తెలీదు. బఠానీ అని పేరు పెట్టాం. ఆ పేరుకి అది తల తిప్పడానికి రెండు నెలలు పట్టింది.

ఇంట్లో అడుగు పెట్టగానే వాషింగ్ మెషిన్ వెనక్కి దూరింది. మూడు రోజులు అక్కడే ఉంది. గిన్నెలో ఏం పెట్టినా, మేమంతా పడుకుని లైట్లు ఆర్పాక గానీ ముట్టేది కాదు. నేను సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాణ్ణి. ఏదైనా చెడితే ముందు లాగ్ తీసి చూస్తాం. ఎప్పుడు మొదలైంది, దానికి ముందు ఏం మారింది అని వెనక్కి నడుస్తాం. ఈ కుక్కకి లాగ్ లేదు. ఎవరు కొట్టారో, దేనితో కొట్టారో, అసలు కొట్టారో లేదో చెప్పేవాళ్లు లేరు. ఏం చెయ్యాలో తోచక, అలవాటు ప్రకారం పుస్తకాల మీద పడ్డాను. అలా పావ్లోవ్ దగ్గరికి చేరాను.

పావ్లోవ్ అంటే మనలో చాలామందికి ఒక్క మార్కు ప్రశ్న. కుక్క, శబ్దం, లాలాజలం, అంతే. రిటైర్డ్ టీచరైన మా అమ్మకి బీఎడ్‌లో చదివిన ‘శాస్త్రీయ నిబంధనం’ ఇంకా గుర్తుంది. "ఆ కుక్కలకి నోరూరడమే తెలుసనుకున్నాన్రా, భయం కూడా ఉండేదా?" అంది. ఉండేది. 1927లో ఇంగ్లీషులోకి వచ్చిన ఆయన ఉపన్యాసాల్లో ఒక వరద కథ ఉంది.

1924 సెప్టెంబర్ 23న ఫిన్లాండ్ సింధుశాఖ మీది గాలులు నీటిని వెనక్కి నెట్టడంతో నేవా నది లెనిన్‌గ్రాడ్‌ని ముంచెత్తింది. నీరు మామూలు మట్టం కన్నా 380 సెంటీమీటర్లు పెరిగింది. అంతకన్నా పెద్ద వరద ఆ ఊరికి సరిగ్గా నూరేళ్ల ముందు, 1824లో వచ్చింది. పుష్కిన్ ‘కంచు గుర్రపు రౌతు’ కావ్యంలో ఉన్నది ఆ వరదే. ఈసారి నీళ్లు పావ్లోవ్ కుక్కల కొట్టాల్లోకీ వచ్చాయి. పనివాళ్లు వాటిని కొన్ని కొన్నిగా ఈదించుకుంటూ ప్రయోగశాల భవనానికి చేర్చి అన్నిటినీ ఒకేచోట ఉంచారు. మామూలుగా ఒకచోట చేరితే కొట్లాడుకునే కుక్కలు ఆ రోజు ఒక్కటీ గుర్రుమనలేదట.

నీళ్లు తగ్గాయి. ఓ వారం తర్వాత ఒక కుక్కని ఎప్పటిలా ప్రయోగానికి నిలబెట్టారు. స్వతహాగా బెదురు ఎక్కువున్న కుక్క అది. ఒంట్లో జబ్బేమీ లేదు. కానీ అంతకు ముందు నేర్చుకున్న ప్రతిచర్యలు దాదాపు పోయాయి. ఎదురుగా పెట్టిన తిండి కూడా ముట్టలేదు. ఆ ప్రయోగశాలలో మనిషి ఒక గదిలో, కుక్క వేరే గదిలో ఉండటం పద్ధతి. మనిషి ఉనికి ఫలితాలని పాడుచేయకూడదని ఆ ఏర్పాటు. ఈ కుక్క విషయంలో మాత్రం ఆ పద్ధతి పక్కన పెట్టారు. దాన్ని చూసుకునే పరిశోధకుడు వెళ్లి ఆ గదిలోనే కూర్చున్నాడు. ప్రతిచర్యలు తిరిగొచ్చాయి. ఆయన లేచి వెళ్తే మళ్లీ పోయాయి. తర్వాత ఆయన తొడుక్కున్న బట్టలు, కుక్క కంటికి కనపడకుండా గదిలో పెడితే, ఆ వాసనకే అది కుదుటపడింది.

ఇది చదివి నేను కాసేపు ఆగిపోయాను. పాత టీషర్టు ఉతక్కుండా పడక దగ్గర పెట్టండని షెల్టర్‌వాళ్లు మాకు చెప్పారు. చిట్కా అనుకుని పెట్టాం. ఆ చిట్కాకి తోడుగా నూరేళ్ల కిందటి వరద ఒకటుందని ఎవరూ చెప్పలేదు.

అదే 1924లో, సముద్రానికి అవతల న్యూయార్క్‌లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ పరిశోధకురాలు ఒక వ్యాసం ప్రచురించారు. అందులో పీటర్ అనే మూడేళ్లు నిండని పిల్లాడున్నాడు. వాడికి కుందేలంటే భయం. ఉన్ని కోటన్నా, ఈకన్నా, దూదన్నా భయమే. మొదట కుందేలంటే భయం లేని పిల్లల మధ్య వాణ్ణి ఆడనిచ్చారు. కాస్త కుదురుకుంటున్నాడనగా జ్వరమొచ్చి రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. తిరిగొచ్చే దారిలో ఓ పెద్ద కుక్క వాడి మీదికి దూకింది. భయం మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు జోన్స్ వేరే దారి పట్టారు. పీటర్‌కి ఇష్టమైన తిండి పెట్టి, వాడు తింటుండగా బోనులో కుందేలుని తెచ్చి దూరంగా ఉంచేవారు. తినడం ఆపనంత దూరం అన్నదే కొలత. రోజులు గడిచేకొద్దీ బోను దగ్గరికి జరిగింది. చివరికి కుందేలు వాడి వేళ్లు కొరుకుతున్నా ఊరుకునే దాకా వచ్చాడు. బెదిరిన కుక్కల విషయంలో ఇవాళ శిక్షకులు చెప్పే పద్ధతికి మూలం ఇక్కడుంది.

మేం చేసిందీ దాదాపు ఇదే. మెషిన్ వెనకనుంచి దాన్ని లాగే ప్రయత్నం మానేసి, పడకనే అక్కడ వేశాం. సాయంత్రం ఆఫీసు పని అయ్యాక ఆ చోటికి వీపు పెట్టి నేల మీద కూర్చునేవాణ్ణి. పిలిచేవాణ్ణి కాదు, చూసేవాణ్ణి కాదు. ఉడికించిన చికెన్ ముక్క ఒకటి పక్కకి జార్చి ఊరుకునేవాణ్ణి. తల మీదుగా చెయ్యి చాపకూడదు, మీదికి వంగకూడదు. తిండి, నడక రోజూ ఒకే వేళకి. బయటికి తీసుకెళ్తే మెడపట్టీ కాదు, ఒంటిచుట్టూ వేసే పట్టీ వెయ్యాలి. భయపడ్డ కుక్క మెడపట్టీలోంచి తల వెనక్కి లాక్కుని పారిపోగలదు. చుట్టాలెవరూ కొన్నాళ్లు రావద్దన్నాం. అమ్మకి ఇవేవీ కొత్తగా అనిపించలేదు. "కొత్త కోడలైనా, వచ్చిన రోజే అందరూ చుట్టూ మూగితే బెదిరిపోతుంది. దాని మానాన దాన్ని వదిలెయ్యండ్రా" అంది.

పదకొండో రోజు నా వీపుకి తడిగా ఏదో తగిలింది. దాని ముక్కు. నేను కదల్లేదు. నాలుగో నెలకి అమ్మ చీర కుచ్చిళ్ల మీద పడుకుని నిద్రపోయేది.

అప్పుడు నేనో పని చేశాను.

మొదటి వారాల్లో ఒక సంగతి గమనించాం. ఇల్లు ఊడ్చడానికి పనమ్మాయి చీపురు తీస్తే చాలు, బఠానీ నేలకి అతుక్కుపోయి ఉచ్చ పోసుకునేది. అప్పట్నుంచి చీపురుని బాల్కనీ అలమరలో పెట్టి, బఠానీ నడకకి వెళ్లినప్పుడే ఊడ్పించేవాళ్లం. నాలుగు నెలలు బాగానే గడిచాయి. మరి ఆ భయం పోయిందా, లేక మేం దాచేశామా? ఈ ప్రశ్న నన్ను నిలవనివ్వలేదు. మా పనిలో సమస్య తీరిందని ఊరికే అనుకోం. దాన్ని పుట్టించిన పరిస్థితిని మళ్లీ కల్పించి చూస్తాం. ఓ శనివారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు చీపురు తెచ్చి హాల్లో నిలబడ్డాను. ఎత్తలేదు, ఊపలేదు. చేత్తో పట్టుకున్నానంతే. బఠానీ నా మొహంకేసి చూసింది. చీపురుకేసి చూసింది. కింద తడి. తర్వాత వాషింగ్ మెషిన్ వెనక తొమ్మిది రోజులు.

అమ్మకి రెండో రోజు చెప్పాను. తిట్టలేదు. "పరీక్ష ఎవరికి పెట్టావురా?" అంది.

పావ్లోవ్ కథలో మిగిలిన భాగం అప్పుడు మళ్లీ చదివాను. మొదటిసారి చదివినప్పుడు అది నన్ను పెద్దగా తాకలేదు. ఆ కుక్క కోలుకుంది. కొన్ని వారాలకి, మనిషి గదిలో లేకపోయినా ప్రతిచర్యలు మునుపటిలా వచ్చాయి. అప్పుడు తలుపు కింద నుంచి చప్పుడు లేకుండా సన్నటి నీటిధార గదిలోకి వదిలారు. అది నిలబడ్డ బల్ల పక్కన చిన్న మడుగయ్యింది. కుక్క ఉలిక్కిపడింది, రొప్పింది, తప్పించుకోజూసింది. ప్రతిచర్యలు మళ్లీ పోయాయి. చెడగొట్టింది వరదేనని అలా రుజువైంది.

విజ్ఞానానికి ఆ రుజువు కావాల్సిందే కావచ్చు. ఆ ప్రయోగశాల కుక్కల్ని ముద్దుచేసిన చోటేమీ కాదు. వాటి కడుపులకి గొట్టాలు అమర్చి తీసిన జఠరరసాన్ని అజీర్తికి మందుగా అమ్మారు కూడా. 1935లో అక్కడే కుక్కకి ఒక స్మారకం కూడా కట్టించారు. రెండూ నిజమే. కానీ నేను చీపురు పట్టుకుని తెలుసుకున్నదేమిటి? నాకు ముందే తెలిసిందే. నా నాలుగు నెలల శ్రమ ఫలించిందని చూసుకోవాలనిపించింది. అది నా అవసరం. ఖర్చు మాత్రం బఠానీది.

నన్నయ భారతం ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్కపిల్ల ఉంటుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి ఆడుకోవడానికి వెళ్తే, ఆయన తమ్ముళ్లు దాన్ని కొడతారు. దాని తల్లి సరమ రాజు దగ్గరికొచ్చి, మంచిచెడ్డలు ఆలోచించకుండా సాధువులకి, బీదలకి కీడు చేసేవాళ్లకి కారణం కనపడని భయాలొస్తాయని చెప్తుంది. జనమేజయుడు బెదిరి, శాంతి చేయించడానికి పురోహితుణ్ణి వెతుక్కుంటాడు. ఆ మాట చిన్నప్పట్నుంచీ నీతిగా విన్నాను. ఇప్పుడు చదివితే అది తలకిందులుగా కనిపిస్తోంది. బఠానీని కొట్టినవాళ్లెవరో ఎక్కడో నిశ్చింతగానే ఉండుంటారు. కారణం కనపడని భయం దెబ్బ తిన్నదానికే మిగిలింది. శాంతి చేయించే పని, ఆ దెబ్బతో సంబంధం లేని ఇంటికి వచ్చింది.

తొమ్మిది రోజుల తర్వాత మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి జోన్స్ పద్ధతిలో. రాత్రి తిండి పెట్టే వేళకి చీపురుని హాలు అవతలి గోడ దగ్గర నేల మీద పడుకోబెడతాం. ఎవరూ చేత్తో పట్టుకోరు. బఠానీ తినడం ఆపకపోతే, కొన్నాళ్లకి ఒక టైలు ముందుకి. ఆపితే రెండు వెనక్కి. పద్దెనిమిది టైల్స్ దగ్గర మొదలైంది. నిన్న రాత్రి ఏడు టైల్స్ దూరంలో ఉంది. బఠానీ తలెత్తి ఒకసారి దానికేసి చూసి, మళ్లీ గిన్నెలో మూతి పెట్టింది.

రేపు ఆరు చేద్దామా అన్నాను. ఇంకో వారం ఏడు దగ్గరే ఉంచమంది అమ్మ.