మశూచి మోసుకొచ్చిన బర్డ్ ఫ్లూ టీకా

1983లో అమెరికాలోని పెన్సిల్వేనియా కోళ్ల ఫారాల్లో హెచ్5ఎన్2 బర్డ్ ఫ్లూ చెలరేగింది. అణచేసరికి కోటీ 70 లక్షల పక్షులను చంపాల్సి వచ్చింది. అదే ఏడాది శాస్త్రవేత్త బెర్నార్డ్ మాస్ బృందం, మనుషుల మశూచి టీకాకు వాడిన వ్యాక్సీనియా వైరస్‌లో ఫ్లూ జన్యువొకటి చేర్చి, హ్యామ్‌స్టర్లకు ఫ్లూ నుంచి రక్షణ కల్పించింది.

కోళ్లకైతే వాటి మశూచి వాటికే ఉంది. ఫౌల్ పాక్స్ వైరస్ పక్షుల్లో తప్ప పెరగదు, ఫారాల్లో ఎప్పటినుంచో టీకాగా వాడుతున్నదే. శాస్త్రవేత్త ఎంజో పావొలెట్టి బృందం, ఫ్లూ పరిశోధకులు రాబర్ట్ వెబ్‌స్టర్, కవావొకాలతో కలిసి, ఐర్లండ్‌లో ఓ టర్కీ కోడి నుంచి సేకరించిన ఫ్లూ వైరస్ తాలూకు హెచ్5 (పై పొర ప్రోటీన్) జన్యువును అందులో చేర్చింది. ఆ టీకా వేసిన పక్షులు ప్రాణాంతకమైన ఫ్లూను తట్టుకున్నాయని 1988లో ప్రకటించారు.

ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది, వాడింది ఫ్లూ వైరస్‌లో ఒక్క ముక్కనే కావడం. చంపిన వైరస్‌తో చేసే టీకా వేస్తే, కోడి రక్తంలోని యాంటీబాడీలు టీకావో జబ్బువో తేల్చడం కష్టం. జబ్బు టీకా చాటున పాకుతుందన్న భయం అందుకే. ఈ టీకా వేసిన కోడిలో హెచ్5కి తప్ప మరి దేనికీ ఫ్లూ యాంటీబాడీలు ఉండవు. వైరస్ లోపలి ప్రోటీన్లకు కూడా కనిపించాయంటే ఆ ఫారంలోకి అసలు జబ్బు వచ్చినట్టే. 2025లో బర్డ్ ఫ్లూ వచ్చి గోదావరి జిల్లాల్లో కోళ్లను పూడ్చిపెట్టడం చూసినవారికి ఈ తేడా విలువ వేరే చెప్పనక్కర్లేదు.

1998 నుంచి మెక్సికో ఈ ఫౌల్ పాక్స్ టీకాను ఫారాల్లో వాడింది. అయితే దీనికో చిక్కుంది. అంతకుముందే మశూచి టీకా పడిన కోడి శరీరం, హెచ్5 జన్యువును మోసే ఈ వాహక వైరస్‌ను నిలవనివ్వదు. అందుకే హేచరీలో రోజు వయసు పిల్లలకే వేయాలి. 2006లో చైనాలోని హార్బిన్ శాస్త్రవేత్తలు మరో వాహకాన్ని తెచ్చారు. కొక్కెర తెగులుకు మన రైతులు నీళ్లలో కలిపి తాగించే లసోటా టీకా వైరసే అది. ఒకే టీకాతో రెండు జబ్బులకు రక్షణ, పైగా సూది అక్కర్లేదు. కానీ తల్లి నుంచి పిల్లకు వచ్చే యాంటీబాడీలు దీన్నీ అడ్డుకుంటాయి.

ఆ అడ్డును చాలావరకు దాటింది టర్కీ హెర్పిస్ వైరస్. కోళ్లకు వచ్చే మారెక్స్ జబ్బుకు 1970ల నుంచి వాడుతున్న టీకా అది. కణాల లోపలే దాగి ఉంటుంది కనుక తల్లి యాంటీబాడీలకు అంతగా చిక్కదు. కోడి బతికినంతకాలం ఒంట్లో ఉండి హెచ్5ను తయారుచేస్తూనే ఉంటుంది. ఈజిప్టు ఫారాల్లో ఈ రకాన్ని కూడా వాడారు. అయితే బయట తిరిగే హెచ్5 మారిపోతూ ఉంటుంది. వాహకం ఎంత మంచిదైనా అందులోని ముక్క పాతబడితే కొత్తది చేర్చాల్సిందే.