ఇంట్లో కట్టుకున్న ఆసమాన్

అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ పేరు మన ఇళ్లలో చాలామంది వినే ఉంటారు. తొమ్మిదో శతాబ్దంలో అందలూసియాలోని కుర్తుబాలో ఒంటికి ఈకలు అతికించుకుని, రెక్కలు తొడుక్కుని ఎత్తు నుంచి దూకాడని, కొంత దూరం ఎగిరాడని, దిగేటప్పుడు మాత్రం నడుం దెబ్బతిన్నదని కిస్సా. మనకు ఇది ముఖ్యంగా అల్ మక్కరీ రాతల ద్వారా అందింది. ఆయన పదిహేడో శతాబ్దపు చరిత్రకారుడు. జరిగిన దానికీ రాసిన దానికీ మధ్య ఏడు వందల ఏళ్లకు పైగా తేడా ఉంది కాబట్టి కాస్త ఎహతియాత్‌తోనే చెప్పుకోవాలి. పక్షి దిగేటప్పుడు తోక సాయం తీసుకుంటుందన్న సంగతి ఇబ్న్ ఫిర్నాస్‌కు తట్టలేదట, అందుకే ఆ దెబ్బ.

అదే రాతలో ఇంకో ముచ్చట ఉంది, దాన్ని మనవాళ్లు అంతగా చెప్పుకోరు. ఆయన తన ఇంట్లో ఒక నకిలీ ఆసమాన్ తయారు చేశాడు. అందులో నక్షత్రాలు, మబ్బులు కనిపించేవి, మెరుపులు మెరిసేవి, ఉరుములు వినిపించేవి. నాకైతే ఎగిరిన కిస్సా కన్నా ఇదే ఎక్కువ అజీబ్‌గా తోస్తుంది. ఇవాళ మన పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని చేస్తున్నదీ దాదాపు ఇదే కదా.

కానీ ఇంట్లోని ఆసమాన్‌తో ఎగరడం నేర్పవచ్చని నిరూపించడానికి చాలా కాలం పట్టింది. ఆ పని చేసిన ఎడ్విన్ లింక్ అమెరికాలోని బింగ్‌హామ్టన్ ఊరివాడు. వాళ్ల అబ్బాజాన్‌కు పియానోలు, ఆర్గాన్లు తయారుచేసే కార్ఖానా ఉండేది. కుర్రాడికి విమానం షౌక్, పాఠాలకేమో బోలెడు ఖర్చు. దాంతో ఆర్గాన్‌కు గాలి ఊదే తిత్తులు, కవాటాలనే తీసుకుని, పొట్టి రెక్కలున్న చిన్న విమానం లాంటి పెట్టెను 1929లో తయారు చేశాడు. లోపల కూర్చుని కర్రను కదిపితే పెట్టె ఆ పక్కకు ఒరిగేది. విమానాల స్కూళ్లు దాన్ని పట్టించుకోలేదు. మొదట కొన్నది వినోదాల పార్కుల వాళ్లే! డబ్బులిచ్చి పిల్లలు ఎక్కే తమాషా అయింది.

1934లో అమెరికా ప్రభుత్వం టపా మోసే పనిని ప్రైవేటు కంపెనీల నుంచి తీసి సైన్యానికి అప్పగించింది. మంచులో, మబ్బుల్లో, రాత్రిపూట కేవలం మీటర్లు చూసి నడపడం ఆ పైలట్లకు సరిగా రాదు. కొద్ది వారాల్లోనే డజను మంది దాకా జాన్ పోగొట్టుకున్నారు. సైన్యం అధికారులు లింక్‌ను మాట్లాడదాం రమ్మన్నారు. ఆ రోజు వాతావరణం ఎంత పాడుగా ఉందంటే, ఆయన రాలేడని వాళ్లు వెళ్లిపోబోతున్నారు. అంతలో లింక్ మబ్బుల్లోంచి మీటర్లు చూసుకుంటూ తన విమానం దించేశాడు. ఇంతకన్నా గట్టి గవాహీ ఏం కావాలి? ఒక్కోటి 3,500 డాలర్ల చొప్పున ఆరు పెట్టెలకు ఆర్డర్ ఇచ్చారు. రెండో ప్రపంచయుద్ధం ముగిసేలోగా ఈ నీలం పెట్టెలో తాలీమ్ పొందినవారు ఐదు లక్షల పైమాటే.

తరువాతి మలుపు కంప్యూటర్‌ది. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో చదివిన బ్రూస్ ఆర్ట్‌విక్, విమానం లోంచి కనిపించే దృశ్యాన్ని కంప్యూటర్‌తో గీయించడం మీద 1975లో థీసిస్ రాశాడు. దాని నుంచే 1982లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చింది. అందులో విమానం చిన్న సెస్నా 182. బయల్దేరే చోటు షికాగో సరస్సు ఒడ్డునున్న మెగ్స్ ఫీల్డ్. ఆ చిన్న రన్‌వేను 2003 మార్చిలో రాత్రికి రాత్రి బుల్డోజర్లతో తవ్వించాడు ఆ ఊరి మేయర్. నేల మీద లేని మెగ్స్ పాత ఫ్లాపీల్లో ఇంకా ఉంది.

ఇక 2001 సంగతి దాటవేస్తే బేఈమానీ అవుతుంది. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత మైక్రోసాఫ్ట్ తన కొత్త సిమ్యులేటర్‌లోని న్యూయార్క్ నుంచి ఆ జంట భవనాలను తీసేసి విడుదల చేసింది. తీసేయడం అదబ్ గల పనే, అందులో నాకు షికాయత్ లేదు. కానీ ఆ దుర్మార్గుల పుణ్యాన, ముస్లిం పేరున్న పిల్లాడు విమానాల మీద షౌక్ చూపిస్తే చుట్టూ ఉన్నవాళ్లు ఒకసారి తేరిపార చూసే రోజులు వచ్చాయి. ఇంట్లో అమ్మీలు కూడా ఆ ఆట ఎందుకు బేటా అని భయపడ్డారు. ఇబ్న్ ఫిర్నాస్ వారసత్వం చెప్పుకునే కౌమ్, తన పిల్లల చేత ఆ షౌక్‌ను దాచిపెట్టించాలా? నేను ఒప్పుకోను.

ఈ మధ్య ఆ షౌక్ ఉన్నవాళ్లంతా పొంగిపోయిన విమానం పైపర్ కొమాంచే 250. దీన్ని ఎ2ఎ అనే సంస్థ 2023లో కొత్త మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ కోసం విడిగా అమ్మకానికి పెట్టింది. పాసింజర్ జెట్ కాదు, నలుగురు కూర్చునే ఒక్క ఇంజన్ బండి. మరి ఇంత సంబరం ఎందుకు? ఇది యజమానిని గుర్తుపెట్టుకుంటుంది. ఎగిరే ముందు చుట్టూ తిరిగి చూసుకోవాలి. ఆయిల్ ఎంతుందో పుల్ల ముంచి చూడాలి, పెట్రోల్‌లో నీళ్లు కలిశాయేమో కాస్త వంపి చూడాలి. ఇంజన్‌ను బేదర్దీగా తోలితే ఆ అరుగుదల రేపటికీ ఉంటుంది, ఎల్లుండికీ ఉంటుంది. ఆట మూసి తెరిస్తే మాఫీ దొరకదు. పాత లాంబ్రెట్టాను కన్నబిడ్డలా చూసుకున్న మన తాతలకు ఈ సంగతి చిటికెలో అర్థమయ్యేది.

అసలు కొమాంచే మొదట ఎగిరింది 1956లో. 1972లో హరికేన్ ఆగ్నెస్ వరదలో లాక్ హేవెన్ కార్ఖానా మునిగి, తయారీ ఆగిపోయింది.

ఇంట్లో ఎగిరిన గంటలు పైలట్ లైసెన్సుకు లెక్కలోకి రావు, ఆ గలత్‌ఫహ్మీ వద్దు. మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు నిజమైన గాలిలో ఉండాలి, దానికి లక్షలు కావాలి. అమ్మాయిలకు ఇదెందుకు అనేవారికి మాత్రం హిజాబ్ ఇంతియాజ్ అలీ పేరు చెప్పండి. 1908లో హైదరాబాద్ దక్కన్‌లో పుట్టిన ఉర్దూ రచయిత్రి ఆమె, అనార్కలీ నాటకం రాసిన ఇంతియాజ్ అలీ తాజ్ గారి బేగం. 1936లో లాహోర్‌లో పైలట్ లైసెన్సు తీసుకున్నారు. అప్పటికి లింక్ పెట్టె అమెరికా సైన్యంలో చేరి రెండేళ్లే.

కొమాంచే దొరికిన పిల్లలకు ఒక ప్రయాణం సూచిస్తాను. 1959 జూన్‌లో మాక్స్ కాన్రాడ్ అనే అమెరికన్, అదనపు పెట్రోల్ ట్యాంకులు పెట్టుకుని, మొరాకోలోని దారుల్ బైజా, అదే కాసాబ్లాంకా నుంచి లాస్ ఏంజెలెస్ దాకా ఎక్కడా దిగకుండా కొమాంచే 250లో ఒంటరిగా వెళ్లాడు. 7,668 మైళ్లు, 58 గంటల 38 నిమిషాలు. అదే దారిని మ్యాప్‌లో గీసి, రోజుకు ఒక ముక్క చొప్పున పంచుకుని ఎగరండి. ఆయన ఒక్క బిగిన వెళ్లాడు. పడమరకు పోతుంటే పొద్దు ఆలస్యంగా గుంకుతుంది కదా, అలా లెక్కేసినా దాదాపు పది పూటల నమాజ్ అంత సేపు!