కత్తెర, జిగురు, కంట్రోల్ కీ

సైటు ఆఫీసులో టైమ్‌కీపర్ పక్కన నిలబడి ఎప్పుడైనా గమనించారా? మనం ఐడీ నంబరు చెప్పేలోపే అతని ఎడమచేతి వేళ్లు కీబోర్డు మూలన టకటకా కదులుతాయి. పైవరుస అంకెలన్నీ కిందివరుసలోకి వచ్చి కూర్చుంటాయి. మౌసు ముట్టుకోనే ముట్టుకోడు. మొదట్లో మాకది గారడీలాగే ఉండేది. కంట్రోల్ పట్టుకుని సి నొక్కితే కాపీ, వి నొక్కితే పేస్టు అని తర్వాత తెలిసింది. ఈ మీటల వెనక అమెరికాలో నూరేళ్లకు పైబడిన కథ ఉంది.

ఒక మీట పట్టుకుని ఇంకో మీట నొక్కడం కంప్యూటరుతో మొదలైంది కాదు. 1878లో వచ్చిన రెమింగ్టన్ రెండో నంబరు టైపు మిషన్‌లో షిఫ్ట్ మీట పెట్టారు. అది నొక్కితే చిన్న అక్షరం పెద్దదవుతుంది. పోటీగా వచ్చిన కాలిగ్రాఫ్ మిషన్‌లో చిన్న అక్షరాలకూ పెద్ద అక్షరాలకూ విడివిడిగా మీటలుండేవి. ఏది నయమన్న వాదన 1888 జులై 25న సిన్సినాటి నగరంలో పందెందాకా వెళ్లింది. రెమింగ్టన్ మీద ఫ్రాంక్ మెగరిన్, కాలిగ్రాఫ్ మీద లూయీ ట్రాబ్. మెగరిన్ సాల్ట్ లేక్ సిటీలో కోర్టు స్టెనోగ్రాఫర్. మీటల వంక చూడకుండా కొట్టేవాడు. గెలిచింది అతనే. మన ఊళ్ల టైపు ఇన్‌స్టిట్యూట్లలో మీటలు చూస్తే మాస్టారు స్కేలుతో వేళ్లమీద కొట్టేవారే, ఆ చదువుకు పేరు తెచ్చింది ఈ పందెమే.

ఇక కాపీ పేస్టు సంగతి. పాత రోజుల్లో పుస్తకాల కంపెనీల్లో పేరా జరపాలంటే కాగితాన్ని నిజంగానే కత్తెరతో కోసి, జిగురుతో ఇంకోచోట అంటించేవారు. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాల ఉండేది. అక్కడ లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు 1970ల నడుమ జిప్సీ అనే ప్రోగ్రాం రాశారు. ఆ కత్తెర పనినే తెరమీదకు తెచ్చారు.

అంతకుముందు అక్కడ బ్రావో అనే ప్రోగ్రాం ఉండేది. దానితో ఒక తమాషా జరిగేది. అక్షరాలు కొట్టే పద్ధతిలో ఉన్నామనుకుని ‘ఎడిట్’ అన్న నాలుగు అక్షరాలు కొడితే, అది వాటిని ఆజ్ఞలుగా తీసుకునేది. ఇ అంటే మొత్తం పట్టుకో, డి అంటే చెరిపెయ్, ఐ అంటే కొత్తది రాయి. రాసిందంతా పోయి తెరమీద ఒక్క ‘టి’ మిగిలేది! టెస్లర్‌కు ఈ తికమక గిట్టేది కాదు. కారు నంబరు ప్లేటు మీద కూడా ‘నో మోడ్స్’ అని రాయించుకున్నాడంటే చూడండి.

1980లో అతను ఆపిల్‌లో చేరాడు. 1983లో లిసా, 1984లో మెకింటోష్ కంప్యూటర్లు వచ్చాయి. జడ్, ఎక్స్, సి, వి మీటలు నాలుగూ కింది వరుసలో పక్కపక్కన ఉంటాయి, ఎడమచేతికి దగ్గర. కుడిచేయి మౌసు మీదే ఉండొచ్చు. కాపీకి సి సరే, ఎక్స్ అంటే కొట్టివేత గుర్తు. ఆ తర్వాత విండోస్ కూడా ఇవే అక్షరాలు తీసుకుంది. టెస్లర్ 2020 ఫిబ్రవరిలో పోయాడు.

కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ ఒకేసారి నొక్కడం వేరే ఆయన పని. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ తయారుచేసినవాళ్లలో డేవిడ్ బ్రాడ్లీ ఒకడు. మొదట డిలీట్ బదులు ఎస్కేప్ పెట్టాడు. అది ఒంటిచేత్తో, పొరపాటున కూడా నొక్కుకుపోయి మిషన్ మళ్లీ మొదటినుంచి మొదలయ్యేది. అందుకని మూడో మీటను కీబోర్డు ఆ చివరకు జరిపారు.

వేగం మంచిదే, కానీ అది మన జీతం మీదకు వచ్చిన సంగతి కూడా చెప్పాలి. మా పాత సైటులో ఒక నెల టైమ్‌షీటు తయారుచేస్తూ ముందు నెల గంటలు కాపీ చేసి అలాగే పేస్టు చేశారు. మాలో కొందరి ఓవర్‌టైమ్ మాయమైంది. ఎవరూ కావాలని చేసింది కాదు, పని తొందర. మాలో ఒకాయన ఏ రోజు ఎన్ని గంటలు చేసిందీ రోజూ చిన్న నోటుబుక్కులో రాసుకునేవాడు. అది చూపిస్తే లెక్క సరిచేశారు. నోటుబుక్కు లేనివాళ్లం తిరగాల్సి వచ్చింది.

కాబట్టి ఈసారి అనుమానం వస్తే, ‘వందమంది పేర్లలో ఎక్కడ వెతకను’ అన్న మాట దగ్గర ఆగిపోకండి. కంట్రోల్ పట్టుకుని ఎఫ్ నొక్కమనండి, మీ ఐడీ నంబరు చెప్పండి. మీ వరుస వెంటనే దొరుకుతుంది. తప్పుంటే అక్కడే దిద్దించి, కంట్రోల్ ఎస్ నొక్కి సేవ్ చేసేదాకా కదలకండి.